కొప్పెర: చెరువు మండపం, నీరటి విగ్రహం ప్రాజెక్టు డైరీ

జూన్ 9

ఊరి చెరువు దగ్గర రాతి మండపం కట్టాలని గ్రామసభలో అనుకున్నారు. నాలుగు స్తంభాలు, కూర్చోవడానికి చుట్టూ అరుగు, దాని పక్కన ఒక నీరటి విగ్రహం. డిజైన్ నన్ను చేయమన్నారు. నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్టుగా పనిచేస్తున్నాను, ఊరు ములుగు వైపు. రామప్ప గుడి మాకు బస్సులో గంట కూడా పట్టదు.

నీరటి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. చెరువు తూము తెరిచేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది, వానాకాలంలో రాత్రంతా కట్ట మీద తిరిగి ఎక్కడైనా నీరు ఊరుతోందేమోనని కాపలా కాసేది ఆయనే. కాకతీయుల చెరువుల గురించి చెప్పేటప్పుడు రాజుల పేర్లు, సామంతుల పేర్లు చెప్తాం. ఆ చెరువులను వందల ఏళ్లు నిలబెట్టిన నీరటి పేరు ఏ శాసనంలో వెతుకుతాం? మా తాత ఈ చెరువుకు నీరటి. ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఈ పని నాకు ఎందుకంత ముఖ్యమో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆలోచనలు వెతకడానికి ఈసారి ఏఐ బొమ్మల టూల్ వాడదామనుకున్నాను. స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్ఎల్, నా సొంత కంప్యూటర్‌లోనే, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద. ఏం పనిచేసిందో, ఏం పనిచేయలేదో ఇక్కడ రాసుకుంటాను.

జూన్ 12

మూడు రాత్రులు, 200 పైచిలుకు బొమ్మలు.

ముందు మండపం. టూల్‌కు ఏం గీయాలో చెప్పే ప్రాంప్ట్‌లో తెలుగు రాస్తే దానికి అర్థం కాదు. ఈ మోడల్‌లో మాటలు చదివే భాగం ఎక్కువగా ఇంగ్లీషు వాక్యాల మీద నేర్చుకున్నది. పైగా ఒకసారికి 77 టోకెన్లే (మాటల ముక్కలే) చదువుతుంది, అంటే రెండు మూడు వాక్యాలు. అందుకని ఇంగ్లీషులోనే 'స్టోన్ మండపం బై ఎ లేక్' అని రాశాను. వచ్చినవాటిలో సగం రాజస్థాన్ ఛత్రీలు, పైన గుండ్రటి గుమ్మటాలతో. మిగతావాటిలో కొన్ని కంబోడియాలోని అంగ్‌కోర్‌లా, కొన్ని హంపిలా ఉన్నాయి. 'కాకతీయ' అని కలిపితే తేడా ఏమీ రాలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. వెబ్‌లో ఏ కట్టడం ఫొటోలు, వాటి కింద ఇంగ్లీషు మాటలు ఎక్కువ ఉన్నాయో అదే ఈ మోడల్‌కు బాగా తెలుసు. హంపికి ఉన్నన్ని ఫొటోలు పాలంపేట రామప్ప గుడికి లేవు.

పేర్లు మానేసి ఆకారాన్ని మాటల్లో చెప్పడం మొదలుపెట్టాక కొంచెం దారికొచ్చింది. 'కింద చదరపు దిమ్మ, మధ్యలో పదహారు పలకల కాండం, దాని మీద గుండ్రటి పళ్లెం, పైన మళ్లీ చదరం' అని వివరిస్తే మన స్తంభానికి దగ్గరగా వచ్చింది. శైలి పేరు కంటే కొలతల భాష దానికి బాగా అందుతోంది. ఇది గుర్తుపెట్టుకోవాలి.

జూన్ 15

నచ్చిన బొమ్మలు ఆరు ప్రింట్ తీసి గోడకు అంటించాను. దూరం నుంచి చూస్తే ఆరూ అందంగానే ఉన్నాయి. దగ్గరికెళ్లి పెన్సిల్‌తో లెక్క పెడితే ఒకదానిలో ముందు వరసలో నాలుగు స్తంభాలు, వెనక మూడు. ఇంకోదానిలో దూలం చివర గాలిలో ఆగిపోయింది. మూడోది నాకు ఎక్కువ నచ్చింది, సన్నటి రాతి దూలం ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకే ముక్కగా పరుచుకుని ఉంది. పక్కన నిలబడ్డ మనిషి ఎత్తుతో పోల్చి కొలిస్తే ఆ దూలం 20 అడుగులకు పైనే.

రాయి నొక్కుడుకు ఎంత బలమో లాగుడుకు అంత బలహీనం. దూలం తన బరువుకే కిందికి వంగాలని చూస్తుంది, అప్పుడు అడుగు భాగం సాగుతుంది, అక్కడే పగులుతుంది. మందం మార్చకుండా దూలం పొడవు రెట్టింపు చేస్తే సొంత బరువు వల్ల అడుగున వచ్చే లాగుడు నాలుగు రెట్లవుతుంది. బొమ్మకు బరువు ఉండదు కాబట్టి దానికి ఈ బాధ లేదు.

జూన్ 21

ఈరోజు పొద్దున్నే రామప్పకు వెళ్లాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కానీ దూలాల కింద ఏముందో చూడాలని వెళ్లడం ఇదే మొదలు.

క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, పని దాదాపు 40 ఏళ్లు సాగిందంటారు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక జనం బాగా పెరిగారు. అందరి చూపూ మదనికల మీదే, ఎర్రటి ఇసుకరాయి గుడికి చుట్టూ నల్లగా నిగనిగలాడే ఆ నాట్యకత్తెల బొమ్మల మీద. నేను మండపంలో మెడ ఎత్తి స్తంభం, దూలం కలిసే చోటు చూస్తూ గంటన్నర కూర్చున్నాను.

స్తంభం తలమీద రెండు పక్కలకూ చేతులు చాచినట్టు ఉండే రాయి, బోదిక. చదువుకున్న రోజుల నుంచి దాన్ని అలంకారంగానే చూస్తూ వచ్చాను. అది దూలాన్ని పొట్టిగా చేసే పనిముట్టు. మా మండపానికి లెక్క వేసి చూశాను. స్తంభాల మధ్య రేఖల దూరం 10 అడుగులు, స్తంభం వెడల్పు అడుగుంబావు అనుకుంటే దూలం కింద ఖాళీ 8.75 అడుగులు. బోదిక ఒక్కో వైపు అడుగు ముందుకొస్తే ఖాళీ 6.75 అడుగులకు దిగుతుంది. దూలం అడుగున లాగుడు దాదాపు 40 శాతం తగ్గుతుంది. అడుగు వెడల్పు, అడుగుంబావు లోతు, 10 అడుగుల పొడవున్న గ్రానైట్ దూలం సుమారు 940 కిలోలు తూగుతుంది. అంత బరువును ఎనిమిది వందల ఏళ్ల కింద వాళ్లు ఎలా మోశారో చెప్పే రాయి అది.

ఇంటికొచ్చి నా 200 బొమ్మల్లో బోదికలు వెతికాను. కొన్నిటిలో ఉంది, కానీ దూలం వెళ్లే దిక్కుకు అడ్డంగా తిరిగి ఉంది. చెవికి పెట్టుకున్న కమ్మలా వేలాడుతోంది. మోడల్ దాని రూపాన్ని చూసింది, పనిని చూడలేదు.

జూన్ 28

పద్ధతి మార్చాను. ఇక నుంచి ఒట్టి మాటలతో మండపం అడగను. ముందు స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నా కొలతలతో సాదా నమూనా చేశాను: నాలుగు స్తంభాలు, బోదికలు, దూలాలు, కప్పు పలకలు. దాని డెప్త్ మ్యాప్ (ఏ భాగం ఎంత దూరంలో ఉందో చూపే బొమ్మ) తీసి కంట్రోల్‌నెట్‌కు ఇచ్చాను. 2023లో వచ్చిన ఈ పద్ధతి మన గీతనో, లోతునో పట్టుకుని దాని ప్రకారమే బొమ్మ గీసేలా మోడల్‌ను కట్టేస్తుంది. అస్థిపంజరం నాది, చర్మం దానిది.

తేడా వెంటనే తెలిసింది. స్తంభాలు నాలుగే ఉన్నాయి, దూలాలు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాయి. ఇప్పుడు దాన్ని అడగాల్సిన ప్రశ్నలు వేరు. చూరు ఎంత ముందుకు రావాలి? స్తంభం మధ్య భాగాన్ని నున్నగా ఉంచాలా, ఉలి గాట్లు కనిపించేలా వదిలేయాలా? సాయంత్రం ఎండ చెరువు మీద పడి పైకి తన్నితే కప్పు అడుగు భాగం ఎలా ఉంటుంది? సీడ్, అంటే బొమ్మ మొదలయ్యే అంకె, మార్చకుండా ఒక్కో మాటే మారుస్తూ పోతే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. రెండు రోజుల్లో 18 చూరులు చూశాను. చేత్తో గీసి ఉంటే మూడో నాలుగో చూసి ఆగిపోయేదాన్ని.

ఉలి గాట్లు వదిలేయాలని నిర్ణయం. నున్నటి రాయి చెరువు పక్కన షోరూమ్‌లా ఉంది.

జూలై 4

నీటిపారుదల ఇంజనీరు గారు వచ్చి చూశారు. నేను చూపించిన బొమ్మలన్నిటిలో మండపం సరిగ్గా కట్ట మీద ఉంది, నీళ్లలో నీడ పడుతూ. ఆయన ఒక్క మాటలో కుదరదన్నారు. మట్టికట్ట మీద పునాది తవ్వితే ఆ దారిన నీరు ఊరడం మొదలవుతుంది. కట్టకు దిగువన పక్కగా ఉన్న గట్టి మొరం నేలలో కట్టుకోమన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, మా తాత ఉన్నా అదే అనేవాడు.

చోటు మారింది, కోణం మారింది. మండపాన్ని, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి వైపు తిప్పాను.

జూలై 11

ఇప్పుడు విగ్రహం. దీని మీద మూడు వారాలు పట్టింది, అందుకే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

'పార పట్టుకుని నిలబడ్డ పల్లెటూరి మనిషి, నల్లరాతి శిల్పం' అని అడిగాను. కండలు తిరిగిన యూరప్ కార్మికుడు వచ్చాడు, కంచు విగ్రహంలా. 'ఇండియన్ ఫార్మర్' అంటే పెద్ద తలపాగా, మెలితిరిగిన మీసం. చేతిలో ఉన్నది మన పార కాదు. ఆకు, కర్ర ఒకే వరసలో ఉండే పొడుగు షవల్, కాలితో తొక్కి తవ్వేది. మన పార ఆకు కర్రకు అడ్డంగా ఉంటుంది, వంగి లాగేది. మడి గండి పూడ్చేది దానితోనే. పార తప్పైతే నీరటి తప్పైనట్టే.

గొంగడి ఇంకా ఘోరం. భుజం మీద నుంచి పట్టుబట్టలా జారే మడతలు, పాత రోము విగ్రహాల మీద ఉండేవి. గొంగడి అలా జారదు. గొర్రె ఉన్నితో నేసి చింతగింజల గంజి పెడతారు. బిరుసుగా ఉంటుంది, దాని మడత గీత గీసినట్టు నిలబడుతుంది.

జూలై 14

మోడల్‌కు మన రాయి నేర్పిద్దామని ఒక లోరా ట్రైన్ చేశాను. లోరా అంటే అసలు మోడల్‌ను కదిలించకుండా దాని మీద కలిపే చిన్న పొర. అసలు మోడల్ దాదాపు 7 జీబీ, ఈ పొర దానిలో చిన్న ముక్క. రామప్పలో నేను తీసిన 48 ఫొటోలు ఇచ్చాను.

రాయి అద్భుతంగా వచ్చింది. ఆ నల్లటి మెరుపు, అంచుల మీద వెలుతురు పడే తీరు, అన్నీ. కానీ ఆ 48 ఫొటోల్లో 30 మదనికలవే. దాంతో నీరటికి సన్నటి నడుము, మూడు వంపుల నిలబడే తీరు, మెడలో హారాలు వచ్చాయి. రాయినీ రూపాన్నీ మోడల్ విడదీసి చూడలేదు, రెండూ కలిపే నేర్చుకుంది. మదనికల ఫొటోలు తీసేసి స్తంభాలు, ఏనుగుల వరసలు, గోడ దిమ్మలు పెట్టి మళ్లీ ట్రైన్ చేశాను. అప్పుడు రాయి మిగిలింది, హారాలు పోయాయి.

ఏ ఫొటో ఇవ్వాలన్నది ఎంత ముఖ్యమో ఏది ఇవ్వకూడదన్నది అంతే ముఖ్యం.

జూలై 20

ఊరికి వెళ్లాను. మంచి బొమ్మలు ఐదు ట్యాబ్‌లో పెట్టుకుని నాయనమ్మకు చూపించాను. తాత ముఖం కూడా తయారు చేద్దామని నాన్న ఫొటో ఆధారంగా రెండు ప్రయత్నించాను. నాయనమ్మ ఆ రెండూ చూసి "గీయన ఎవలు?" అంది. వాటిని అక్కడే తీసేశాను. లేని ముఖాన్ని మోడల్ కల్పించి ఇస్తుంది, అది చూసి చూసి రేపు నేనే తాత ముఖం అదే అనుకుంటాను. అది నాకొద్దు. విగ్రహానికి ఏ ఒక్కరి పోలికా ఉండదని ఆ పూటే నిర్ణయించుకున్నాను.

తర్వాత గొంగడి చూసి చాలాసేపు నవ్వింది.

"గొంగడి గట్ల భుజం మీద ఏసుకుంటే వాన ఆగుతదా బిడ్డా? కొప్పెర ఏసుకునేటోడు మీ తాత."

లేచి వెళ్లి సందూకలో నుంచి పాత గొంగడి తీసింది. నా తల మీద కప్పి, పైన కొసను మడిచి, రెండు పక్కలా కిందికి లాగి సర్దింది. ఒక్క నిమిషం పట్టలేదు. అద్దంలో చూసుకుంటే తల, భుజాలు, వీపు అన్నీ కలిసి ఒకే కొండలా ఉన్నాయి. ముందు వైపు సన్నటి చీలిక, అందులో నుంచి ముఖం సగమే కనిపిస్తోంది.

నెల రోజులుగా నేను వెతుకుతున్న శిల్పం అది. ఏ బొమ్మలోనూ రాలేదు. వచ్చే అవకాశమే లేదు, దాని ఫొటో ఎవరూ తీసి పెట్టలేదు కాబట్టి.

ఇంట్లో దీపం పెట్టే దాకా ఫొటోలు తీయించుకున్నాను. నేను కూర్చుని, నిలబడి, పార పట్టుకుని. పార మా పెదనాయన ఇంట్లోది.

జూలై 27

కొప్పెర ఫొటోలతో వారం. ఫొటో ఇచ్చి దాని మీదే గీయమని అడగడం. ఇందులో డీనాయిజ్ అనే మీట ఒకటుంది. సున్నాకు దగ్గరగా పెడితే ఫొటో అలాగే ఉంటుంది, ఒకటికి దగ్గరగా పెడితే దాన్ని పూర్తిగా మర్చిపోయి తన ఇష్టం వచ్చింది గీస్తుంది. 0.3 దగ్గర నేను గొంగడి కప్పుకున్న ఫొటోకు రాతి రంగు వేసినట్టు ఉంది. 0.7 దగ్గర కొప్పెర కాస్తా క్రైస్తవ సన్యాసుల ముసుగైపోయింది. 0.45, 0.5 మధ్య మంచివి వచ్చాయి.

ఒక రాత్రి 60 తీశాను. కొన్నిటిలో మనిషి దాదాపు మాయమై కొప్పెర ఒక్కటే రాతి గుట్టలా మిగిలింది. వాటిని చూసి ఒళ్లు జలదరించింది. అంత దూరం వెళ్లే ధైర్యం నాకు నాకుగా వచ్చేది కాదు. ముఖం చీలికలో నీడ మాత్రమే ఉండాలన్న ఆలోచన అక్కడిదే. ఆ మేలు ఈ టూల్‌దే, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను.

పార ఆకు ఒక్కటి ఎప్పటికీ సరిగా రాలేదు. అసలు ఫొటోలో నుంచి కత్తిరించి అంటించి, అంచులు మాత్రం ఎంచుకున్న చోటే మళ్లీ గీసే ఇన్‌పెయింటింగ్‌తో కలిపాను.

ఆగస్టు 6

రాత్రి బస్సులో ఆళ్లగడ్డ. శిల్పుల వీధిలో తెల్లవారకముందే ఉలి చప్పుడు మొదలవుతుంది. మాకు పని చేసిపెట్టే స్థపతి గారు పెద్దాయన. ప్రింట్లు నేల మీద పరిచి చాలాసేపు మాట్లాడకుండా చూశారు. తర్వాత ఒకదాన్ని తీసి వెనక్కి తిప్పి తెల్లకాగితం చూపించారు.

"ఈ బొమ్మకు వీపు యాడుందమ్మా?"

లేదు. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి వేర్వేరుగా అడిగితే ముగ్గురు వేర్వేరు మనుషులు వస్తారు. ముందు బొమ్మలో పార కుడి చేతిలో ఉంటే వెనక బొమ్మలో అది మాయం. మండపం పక్కన చుట్టూ తిరిగి చూసే విగ్రహం ఇది, వీపే ఎక్కువ మందికి కనిపిస్తుంది.

ఆయన ఇంకో మూడు విషయాలు చెప్పారు. పార కర్ర ఒంటికి దూరంగా ఉంటే రాతిలో నిలవదు, రవాణాలోనే విరుగుతుంది, కొప్పెర అంచుకు ఆనించి చెక్కాలి. కాళ్ల మధ్య సందు తెరవకూడదు, నీళ్లలా కనిపించే ఒక దిమ్మ వదలాలి. మూడోది కొలత. నేను ప్రింట్ మీద కొలుచుకున్న మనిషికి లెక్క కుదరడం లేదన్నారు. దేవుళ్లకు నవతాలం, అంటే తొమ్మిది ముఖాల ఎత్తు, 108 అంగుళాలు. మనిషికి అష్టతాలం, 96. ఇక్కడ అంగుళం అంటే ఇంచి కాదు, బొమ్మ ఎత్తును బట్టి మారే భాగం. మన విగ్రహం 4 అడుగులు, అంటే 48 ఇంచులు. 96తో భాగిస్తే ఒక్కో అంగుళం సరిగ్గా అర ఇంచి. ముఖం 12 అంగుళాలు, 6 ఇంచులు.

"నీరటి మనిషి గదమ్మా, మనిషి కొలతే పెడదాం" అన్నారు. ఆ మాట విన్నప్పుడు తాత గుర్తొచ్చాడు.

ఆగస్టు 19

బంకమట్టి తెచ్చి 16 ఇంచుల నమూనా చేశాను, అసలులో మూడో వంతు. ముఖం 2 ఇంచులు. నాలుగు రోజులు పట్టింది. వీపు చేయడానికే రెండు రోజులు. గొంగడి వెనక ఎలా పడుతుందో తెలియక మళ్లీ మళ్లీ కప్పుకుని వెనక నుంచి ఫొటో తీయించుకున్నాను.

మట్టి ఆరాక ఎనిమిది వైపుల నుంచి ఫొటోలు తీసి, వాటి డెప్త్ మ్యాప్‌లతో, రాయి లోరాతో మళ్లీ మోడల్‌కు ఇచ్చాను. ఇప్పుడు ఎనిమిది బొమ్మల్లోనూ ఒకే మనిషి ఉన్నాడు, ఎందుకంటే లోతు మట్టిది. పొద్దున 7 గంటల ఎండ, సాయంత్రం 5 గంటల ఎండ, వాన పడి తడిసిన రాయి, మూడూ చూశాను. సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే ముఖం చీలిక పూర్తిగా వెలుగుతోంది, నీడ పోతోంది. విగ్రహాన్ని 30 డిగ్రీలు మత్తడి వైపు తిప్పాను. మట్టి నమూనాకు టేబుల్ లైట్ పెట్టి సరిచూసుకున్నాను, సరిపోయింది. బొమ్మలో కనిపించే ఎండను నమ్మి దిక్కు ఖాయం చేయలేను, నీడ ఎటు పడాలో మోడల్ లెక్క కట్టదు.

సెప్టెంబరు 3

చోటు గురించి ఆడవాళ్లతో కూర్చున్నాం. ఏఐ బొమ్మల్లో మండపం చుట్టూ ఎప్పుడూ ఒకరిద్దరే, అదీ దూరంగా. మా ఊళ్లో సద్దుల బతుకమ్మ రోజు వందల మంది ఇక్కడే ఆడి, ఇక్కడే నిమజ్జనం చేస్తారు. నిరుటి వీడియోలు చూసి ఆట చుట్టు ఎంత పెద్దదో కొలిచాం. మండపం ముందు 25 అడుగులు ఖాళీ ఉండాలి, విగ్రహం అందులోకి రాకూడదు. విగ్రహాన్ని మండపం వెనక, తూము వైపు మూలకు జరిపాను. ఆయన ఉండాల్సిన చోటు అదే.

సెప్టెంబరు 30

మత్తడి దుంకుతోందని పెదనాయన వీడియో పంపాడు. మండపం రాళ్ల పని ఇంకా మొదలుకాలేదు, వానలు తగ్గాలి.

ఆళ్లగడ్డలో విగ్రహం రాయి దొరికింది. 4 అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, 14 ఇంచుల మందం, దాదాపు 600 కిలోల నల్లరాయి. స్థపతి గారు వీడియో కాల్‌లో సుత్తితో నాలుగు చోట్ల తట్టి వినిపించారు. మూడు చోట్ల గంటలా మోగింది. నాలుగో చోట కింద మూలలో కొంచెం మొద్దుబారిన చప్పుడు. ఆ మూల ఎలాగూ తీసేసే భాగంలోకే వస్తుందన్నారు.

అక్టోబరు 8

రాయి మీద ఎర్రరంగుతో నిలువు గీత పడింది, మధ్య సూత్రం. దానికి అటూ ఇటూ అర ఇంచి చొప్పున అంగుళాల గుర్తులు. నేను పంపిన ప్రింట్లలో ఒక్కటే ఆయన పని చోట గోడకు ఉంది, వాన తడి ఉన్నది. మిగతా అంతా మట్టి నమూనా ఫొటోలు.

సాయంత్రం ఫోన్ చేశారు. కొప్పెర పైన కొస మడిచినప్పుడు మడత కుడి నుంచి ఎడమకా, ఎడమ నుంచి కుడికా అని. మట్టిలో నేను అక్కడ స్పష్టంగా చేయలేదు. నా ఫొటోలు తిరగేస్తే సగం ఒకలా, సగం ఇంకోలా ఉన్నాయి, నేను నేర్చుకుంటూ కప్పుకున్నవి కాబట్టి. నాయనమ్మ కప్పినప్పుడు తీసిన ఒక్క ఫొటోలో ఆమె చెయ్యి అడ్డొచ్చింది.

ఇంటికి ఫోన్ చేశాను. నిద్రపోయిందన్నారు. పొద్దున అడిగి ఆయనకు చెప్పాలి.